కథ కష్టమా, తత్వం కష్టమా: ఒకే సంగతిని రెండుసార్లు రాసి చూసే పద్ధతి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మాదొక చిన్న డీటీపీ షాపు. ఒడియా దరఖాస్తులు, తెలుగు శుభలేఖలు, ఇంగ్లీషు ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ ఒకే కీబోర్డు మీద నడుస్తాయి. అచ్చయిన నా కథలు రెండింటిని లామినేషన్ చేయించి గోడకు తగిలించాను (అదొక బలహీనత, ఒప్పుకుంటా). ప్రింటు వచ్చేలోపు కాలేజీ కుర్రాళ్లు వాటిని చూసి, "సార్, నాక్కూడా రాయాలనుంది, ఏది ఈజీ?" అంటారు. కొందరేమో కథ ఈజీ అనుకుంటారు, దేనికీ ఋజువు చూపించక్కర్లేదు కదా అని. ఇంకొందరు ఫిలాసఫీయే ఈజీ అంటారు, మనుషుల్నీ ఊళ్లనీ కల్పించే పనిలేదు, కూర్చుని ఆలోచించింది రాసేయడమే కదా అని. ఇద్దరూ తాము రాయని దాన్నే ఈజీ అనుకుంటున్నారని నా అనుమానం.

నేను రెండూ రాశాను, రెండింట్లోనూ దెబ్బ తిన్నాను. అందుకని ఎవరైనా అడిగితే జవాబు చెప్పను, ఒక పని చెబుతాను. మీ జీవితంలోంచి ఒకే ఒక్క సంగతి తీసుకుని దాన్ని కథగా ఒకసారి, తత్వంగా ఒకసారి రాయండి. చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో మీకే తెలుస్తుంది. దానికి నెలా రెండు నెలలు పడుతుంది. ఎలా చేయాలో నా అనుభవంతోనే చెబుతాను, ఎందుకంటే వేరేవాళ్ల అనుభవం నా దగ్గర లేదు.

ముందు ఒక మాట. తెలుగులో "తత్వం రాస్తున్నా" అంటే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. మా అమ్మయితే, "ఏటిరా, పెళ్లాంతో ఏటైనా గొడవా?" అనడిగింది. మనకి తత్వాలు అంటే ఏకతార పట్టుకుని పాడే పాటలు, లేకపోతే వైరాగ్యం, అదీ కాకపోతే పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యుడి బొమ్మ మీద వచ్చే సూక్తి. నేను చెప్పేది వాటి గురించి కాదు. ఒక ప్రశ్న పట్టుకుని, దానికి ఒక జవాబు చెప్పి, ఆ జవాబుకి కారణం చూపించి, "అదెలా కుదురుతుంది?" అని అడ్డు తగిలేవాడికి సమాధానం చెబుతూ ముందుకు పోయే రాత గురించి. ఇందులో దేవుడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీరు రాసింది చదివి ఒకడు "అవును గురూ, ఎంత నిజం!" అని లైక్ కొట్టి వెళ్లిపోయాడంటే బహుశా మీరు రాసింది సూక్తి. "ఆగాగు, ఇక్కడ తప్పుంది" అన్నాడంటే మీరు దారిలోనే ఉన్నారు.

సంగతి ఎంచుకోవడం

పెద్ద సంగతులు వద్దు. మరణం, ప్రేమ, కాలం అని మొదలుపెడితే కథా రాదు, తత్వమూ రాదు. మీ ఎదురుగా ఎవరో ఒక ప్రశ్న అడిగితే జవాబు తెలిసి ఉండాల్సిన మనిషి నోరు మెదపలేకపోయిన సందర్భం ఏదైనా ఉందేమో వెతకండి. అలాంటివి ఇంటికొకటి ఉంటాయి.

నాది 2011 జనాభా లెక్కల నాటిది. ఫిబ్రవరిలో ఒక బడి మాస్టారు మా వీధికి ఫారాలు పట్టుకుని వచ్చారు. అందులో మాతృభాష అని ఒక గడి, వచ్చిన ఇతర భాషలకు ఇంకొక గడి ఉంటాయి. మా వీధిలో సగం ఇళ్లు తెలుగు, సగం ఒడియా, కాబట్టి ఆ గడి దగ్గర ఎవరూ ఆగరు, టకటకా చెప్పేస్తారు. మా మేనత్త ఆగింది. ఆవిడకి ఎనిమిది నెలలప్పుడే వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ పోయింది. పక్కింటి ఒడియా ఆవిడ పాలిచ్చి పెంచింది. ఆవిడని మేమందరం "బొవు" అనే పిలిచేవాళ్లం, ఒడియాలో అమ్మ అని. పగలంతా బొవు ఒళ్లో, రాత్రి మా తాతయ్య పక్కన. జోల ఒడియాలో, తిట్లు తెలుగులో. మాస్టారు మాతృభాష ఏమిటమ్మా అంటే అత్త అంది, "కన్నదాని బాసా, పెంచినదాని బాసా? ఏది రాసుకుంతావు బావూ?" మాస్టారి పెన్ను ఆగిపోయింది.

జనాభా లెక్కలవాళ్లకు దీనికి నియమం ఉంది. చిన్నతనంలో తల్లి ఆ మనిషితో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఈ నియమం నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది, తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఎవరో ఢిల్లీలో కూర్చుని మా అత్త కోసమే రాసినట్టుంది, అయినా సరే ఆవిడ ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఏ ఇల్లు? పగటి ఇల్లా, రాత్రి ఇల్లా?

మీకూ ఇలాంటిది ఒకటి దొరికాక రెండు వేర్వేరు నోట్‌బుక్కులు కొనండి. ఒకే పుస్తకంలో ముందు నుంచి కథ, వెనక నుంచి తత్వం అని పొదుపు చేశారో, మధ్యలో రెండూ కలిసిపోతాయి. నాకు అదే జరిగింది.

కథ నోట్‌బుక్కు

మొదటి ముసాయిదా ఎలాగైనా రాసేయండి. నాది నాలుగు పేజీలు వచ్చింది, పదకొండు రోజులు పట్టింది. అందులో అత్త మాస్టారికి పేజీన్నర ఉపన్యాసం ఇస్తుంది, భాష అంటే ఏమిటి, అమ్మ అంటే ఏమిటి, సరిహద్దు అంటే ఏమిటి అని. రాసేటప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక మాసపత్రికకు పంపిస్తే, "కథలో ఉపన్యాసం ఎక్కువైంది" అని ఒక్క లైను జవాబు వచ్చింది. కోపం వచ్చిన మాట నిజమే గానీ, వాళ్లు చెప్పింది సరిగ్గా ఉంది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముసాయిదా పూర్తయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని, ఏ వాక్యాన్నైనా యథాతథంగా ఎత్తి తత్వం నోట్‌బుక్కులో పెట్టగలనా అని చూస్తాను. పెట్టగలిగితే అది కథలోంచి పోవాలి. నా నాలుగు పేజీల్లో పేజీన్నర అలా ఎగిరిపోయింది. మిగిలిన రెండున్నరలో ఏమున్నాయో చూస్తే, మాస్టారి పెన్ను, నీలం ప్లాస్టిక్ కుర్చీకి విరిగిన చెయ్యి, బొవు వాడిన ఇత్తడి గిన్నె, అత్త అదే అన్నాన్ని మాకు పెట్టేటప్పుడు చద్దన్నం అని, బొవు ఫొటో ముందు పెట్టేటప్పుడు పఖాళ అని అనడం. ఆ ఒక్క అన్నం ముద్ద నా పేజీన్నర ఉపన్యాసం చేయలేని పని చేస్తోందని అప్పుడు అర్థమైంది. ప్రశ్న ఎవరూ నోటితో అడగకూడదు, కథలో ఎక్కడో ఒక చోట కూర్చుని ఉండాలి, చదివేవాడు వచ్చి దాన్ని తొక్కాలి.

యాస సంగతి. మా వైపు కుర్రాళ్లు కథ రాస్తే రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. అయితే అందరి చేతా విజయవాడ తెలుగు మాట్లాడిస్తారు, లేకపోతే ప్రతి మాటనీ యాసలో రాసి చదివేవాడి పళ్లు రాలగొడతారు. నేనైతే మనిషికి నాలుగైదు మాటలు ఎంచుకుంటాను. అత్తకి "ఏటి", "నాను", "బావూ", "గుంట", ఇంకా కోపం వస్తే దొర్లే ఒడియా మాట ఒకటి. మిగతాదంతా మామూలుగానే రాస్తాను. చదివేవాడి చెవి తక్కినది పూరించుకుంటుంది. ఒడియా మాటకి పక్కనే అర్థం చెప్పేయకండి. పఖాళ అంటే ఏమిటో రెండో పేజీలో గిన్నెలో నీళ్లు పోస్తే తెలిసిపోతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది, తెలుగువాళ్లకి దొరికిన వరం లాంటిది, "అట". నేను పుట్టకముందు జరిగినదాన్ని మామూలుగా చెప్పాలంటే "బొవు పాలిచ్చిందట, తాతయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడట" అనే అంటాం. ఇంకొకరి నోటి నుంచి విన్నాం, మన కళ్లతో చూడలేదు అని ఆ ఒక్క అక్షరం ఒప్పుకుంటుంది. ఇంగ్లీషువాడికి దీనికోసం ఒక వాక్యం కావాలి. సరే, ఇప్పుడు ఆ "అట" తీసేసి చూడండి. "బొవు పాలిచ్చింది. తాతయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు." కథ మొదలైంది. నేను అక్కడ లేను, అయినా ఉన్నట్టు చెబుతున్నాను, ఆ పూచీ నాది. చాలామందికి ఇక్కడే చెయ్యి వణుకుతుంది. ఇంట్లోవాళ్లు చదివి "నువ్వు చూశావా?" అంటారనే భయం. ఆ భయం పోనంతవరకూ మీరు రాసేది కుటుంబ చరిత్ర, కథ కాదు. తత్వంలో ఇది తిరగబడుతుంది. అక్కడ "అట" ఉండాల్సిన చోట లేకపోతే అబద్ధం.

తత్వం నోట్‌బుక్కు

ఇక్కడ మొదటి పని, మీరు చెప్పదలుచుకున్నది ఒక్క వాక్యంలో, టీ కొట్టు దగ్గర చెప్పినట్టు రాయడం. రాయలేకపోతే ఇంకా ఆలోచన తయారు కాలేదని అర్థం. నా మొదటి వాక్యం ఇది: మా అత్త మాతృభాష ఒడియా.

ఆ తర్వాత దాన్ని న్యాయదర్శనంవాళ్ల, అంటే మన పాత తర్కశాస్త్రంవాళ్ల ఐదు మెట్ల మీద నిలబెట్టి చూడండి. భయపడకండి, మన తాతల కాలం నాటి పరికరమే గానీ ఇప్పటికీ పదును పోలేదు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ, అంటే నిరూపించాల్సిన మాట. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలాగ, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం, అంటే ఉదాహరణని మన సంగతికి అతికించడం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం, అంటే తేలిన మాట. పుస్తకాల్లో కొండ పేరు ఉండదు, నేను మాత్రం మహేంద్రగిరి వైపే చూసి రాసుకుంటాను, ఎండలు ముదిరే ముందు పోడు కాల్చే పొగ మాకు తెలిసిందే కాబట్టి.

నాది ఇలా వచ్చింది. అత్త మాతృభాష ఒడియా. పసితనంలో తల్లి స్థానంలో ఉండి మాట్లాడిన మనిషి భాష ఒడియా కాబట్టి. పొత్తిళ్లలోనే దత్తు పోయిన పిల్లవాడికి పెంచిన తల్లి భాషే మాతృభాష అవుతుంది కదా, అలాగ. అత్త కూడా అలా పెరిగిందే. కాబట్టి ఒడియానే. రాసి చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో. రెండు రోజుల్లో అయిపోయింది. కథకి పదకొండు రోజులు పట్టింది, దీనికి రెండే, కాబట్టి తత్వమే ఈజీ అని తేల్చేశాను.

అప్పుడు పూర్వపక్షం వచ్చింది. మన పాత శాస్త్రాలు రాసినవాళ్లు తమ మాట చెప్పేముందు ఎదుటివాడి వాదాన్ని పెట్టేవాళ్లు, అదీ బలహీనం చేసి కాదు, వాడే వచ్చి చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేనంతగా. ఇది మీరూ చేయాలి, సొంతంగా చేయలేకపోతే మనిషిని వెతుక్కోవాలి. నాకు కోర్టులో పనిచేసే ఒక వకీలు మిత్రుడున్నాడు, అఫిడవిట్లు టైపు చేయించుకోవడానికి వస్తాడు. కాయితం చేతికిస్తే టీ చల్లారకముందే రెండు దెబ్బలు కొట్టాడు. ఒకటి, దత్తు పిల్లాడికి ఇల్లంతా ఒకే భాష, మీ అత్తకి పగలు ఒకటి రాత్రి ఒకటి, ఉదాహరణ అతకలేదు. రెండు, ఇంగ్లీషు మాట్లాడే ఆయా పెంచిన పిల్లకి మాతృభాష ఇంగ్లీషేనా? ఈ రెండో దానికి నా దగ్గర జవాబు లేదు. ఔనంటే నవ్వుతారు, కాదంటే బొవు ఆయా కాదని ఎలా చూపించాలి? ప్రేమ ఉంది అందామా? ఆయాకి ప్రేమ ఉండదా?

ఐదు వారాలు. మూడు పేజీల వ్యాసం కోసం. చివరికి నా మొదటి వాక్యమే పోయింది. దాని చోట వచ్చినది ఇది: మాతృభాష అనే ఒక్క మాట రెండు వేర్వేరు సంగతులని ఒకే తాడుతో కట్టేస్తోంది, నోట్లోకి మొదట వచ్చిన భాష ఒకటి, ఎవరి మనిషిగా నిన్ను లెక్కపెడతారో వాళ్ల భాష ఇంకొకటి. నడిగడ్డ మీద ఉన్నవాళ్లకి రెండూ ఒకటే అయి కూర్చుంటాయి కాబట్టి తాడు కనబడదు, సరిహద్దులో విడివిడిగా ఉంటాయి కాబట్టి కనబడుతుంది. వకీలు దీన్ని కూడా కొరికాడు గానీ విరగలేదు.

ఇక ఉదాహరణలు. తత్వంలో కథలు ఉండవని ఎవరన్నారు? గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిందంతా దాదాపు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడమే. కఠోపనిషత్తు మొదలయ్యేది ఒక పిల్లవాడు తండ్రిని విసిగించడంతో. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ మూడు పేజీల వ్యాసం ఒకటి అచ్చు వేశాడు. నమ్మకం ఉండి, అది నిజమై, దానికి తగిన ఆధారం కూడా ఉంటే దాన్ని జ్ఞానం అనొచ్చా అన్నది ప్రశ్న. అందులో ఒక చిన్న కథ. ఉద్యోగం ఫలానావాడికే వస్తుందని స్మిత్‌కి గట్టి ఆధారం ఉంది, వాడి జేబులో పది నాణేలున్నాయనీ తెలుసు, కాబట్టి "ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి" అని నమ్ముతాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వస్తుంది, తనకి తెలీకుండా తన జేబులోనూ పదే ఉన్నాయి. నమ్మింది నిజమైంది, ఆధారమూ ఉంది, అయినా తెలుసు అనగలమా? అంతే కథ. దాని మీద అరవై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. తమాషా ఏమిటంటే 8వ శతాబ్దంలోనే ధర్మోత్తరుడనే బౌద్ధ పండితుడు ఇలాంటిదే చెప్పాడు. ఒకడు మాంసం కాల్చడానికి నిప్పు రాజేశాడు, ఇంకా పొగ రాలేదు, మాంసానికి ముసిరిన ఈగల గుంపుని దూరం నుంచి చూసి ఇంకొకడు పొగ అనుకుని "అక్కడ నిప్పుంది" అన్నాడు. నిప్పు నిజంగానే ఉంది. వాడికి తెలిసినట్టేనా?

ఈ రెండు కథల్లో ఏం లేదో గమనించండి. స్మిత్ పెళ్లయినవాడా, ఆ ఉద్యోగం వాడికెంత అవసరం, మాంసం ఎవరు తినబోతున్నారు, ఏదీ లేదు. ఉంటే చెడిపోతుంది. స్మిత్ కూతురికి జ్వరం అని ఒక్క వాక్యం పెట్టండి, చదివేవాడు నాణేలు మరిచిపోయి పిల్ల సంగతి ఆలోచిస్తాడు. తత్వంలో ఉదాహరణకి అవసరమైనన్ని ఎముకలే ఉండాలి. కథలో పనికిరాని వివరమే ప్రాణం పోస్తుంది, విరిగిన కుర్చీ చెయ్యి లేకపోతే మాస్టారు మనిషి కాడు, ఫారం మోసే చెయ్యి మాత్రమే. నా తత్వ వ్యాసంలో మొదట ఆ కుర్చీ ఉండిపోయింది. వేరే పత్రికకు పంపితే, "ఇది కథలా ఉంది" అని తిప్పి పంపారు! ఇంట్లో వారం రోజులు నవ్వారు.

భాష గురించి కూడా చెప్పాలి. తత్వం అనగానే మనవాళ్ల చేతికి సంస్కృతం పూనుతుంది. "అస్తిత్వ సంఘర్షణాత్మక చైతన్యం" అని రాశాక అది ఏమిటో రాసినవాడికీ తెలీదు. ఇదే ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం అంత పోరాడి, పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటూ గ్రాంథికంలో తత్వం రాయడానికి నాకు సిగ్గు. ఎక్కడ సంస్కృత పదం వచ్చినా పక్కన మామూలు మాటతో అదే చెప్పగలనా అని చూస్తాను. చెప్పలేకపోతే చాలాసార్లు అక్కడ ఆలోచన లేదు, చప్పుడు ఉంది.

మామూలు మాటల్లోనే ఎంత సరుకుందో చూడండి. "తెలుసు" అనే మాటకి తెలుగులో నేను అన్నది కర్తగా రాదు, "నాకు" తెలుసు, ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు అది నా దగ్గరికి వస్తుంది. అదే "అనుకున్నాను" అంటే నేనే చేసిన పని, పైగా సగంసార్లు అందులోనే తప్పు పడ్డానన్న ఒప్పుకోలు ఉంటుంది, "నువ్వు రావనుకున్నాను" అన్నట్టు. గెటియర్ ప్రశ్నని తెలుగులో అడిగితే స్మిత్‌కి తెలుసా, స్మిత్ అనుకున్నాడా అనే చిన్న మాటల మధ్య నిలబడుతుంది. ఇంకొకటి, "మనం". తత్వం రాసేవాళ్లందరికీ ఈ మాట జారుడుబండ. "మనం మన భాషని ప్రేమిస్తాం" అని రాసేస్తాం. ఆ మనంలో బొవు ఉందా? లేకపోతే "మేము" అని రాయాలి, రాస్తే వాక్యం ఎంత ఇరుకుగా మారిందో కనబడుతుంది. నా వ్యాసంలో పద్నాలుగు "మనం"లు ఉంటే వకీలు తొమ్మిది కొట్టేయించాడు.

మరి ఏది కష్టం?

గంటల లెక్కలో చూస్తే నాకు తత్వమే ఎక్కువ తీసుకుంది. కానీ ఆ ఐదు వారాల్లో ప్రతి రోజూ నేనెక్కడ ఇరుక్కున్నానో నాకు తెలుసు. ఫలానా వాక్యం, ఫలానా అభ్యంతరం. వేలు పెట్టి చూపించొచ్చు, వకీలు చూపించాడు కూడా. కథ అలా కాదు. రెండున్నర పేజీల కథని చదివినవాళ్లు "బాగుంది గానీ..." అని ఆగిపోయారు. ఆ "గానీ" తర్వాత ఏముందో చెప్పగలిగినవాడు ఒక్కడు లేడు. రెండేళ్లు పెట్టెలో పడేశాను. ఒకరోజు తీసి చూస్తే, కథ అత్త వైపు నుంచి చెప్పడమే తప్పని తోచింది, మాస్టారి వైపు నుంచి చెప్పాలి, ఆయన కూడా ఒడియా భార్యని చేసుకున్న తెలుగువాడు అయితే? పెన్ను ఎందుకు ఆగిందో అప్పుడు కుదిరింది. ఇది కల్పన, అసలు మాస్టారి ఇంటి సంగతులు నాకు తెలీవు. ఆ మార్పు ఏ వాదం వల్లా రాలేదు, వస్తుందని ఎదురు చూడ్డానికి కూడా లేదు. అందుకని నా వరకు తత్వం ఎక్కువ శ్రమ, కథ ఎక్కువ భయం. శ్రమకి టైంటేబుల్ వేసుకోవచ్చు.

ఎవరికైనా తిరగరాయక తప్పదు, అది మాత్రం రెండు వైపులా సమానం. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇరవైల వయసులో రాసిన పెద్ద పుస్తకం 1739లో వస్తే ఎవరూ పట్టించుకోలేదు, అచ్చుయంత్రం నుంచి చచ్చి పుట్టిందని ఆయనే వాపోయాడు, 1748లో అందులో కొంత సంగతిని సులువుగా మళ్లీ రాశాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లో అచ్చేసిన పెద్ద గ్రంథాన్ని జనం అపార్థం చేసుకుంటున్నారని రెండేళ్లకి చిన్న పుస్తకం రాసి, 1787లో అసలు దాన్నే మార్చి అచ్చేశాడు. రెండు పనులూ చేసినవాళ్లు లేకపోలేదు. ఫ్రెంచివాడు సార్త్ర్ 1938లో నవల, 1943లో లావుపాటి తత్వ గ్రంథం రాశాడు. ఐరిస్ మర్డాక్ ఆక్స్‌ఫర్డ్‌లో తత్వం పాఠాలు చెబుతూనే నవలలు రాసింది, అయినా ఈ రెండూ వేరు వేరు పనులని, తత్వం పని విడమర్చడమని చెప్పేది. వాళ్ల పేర్లు చెప్పి మనం రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు గానీ, పడవలు మార్చొచ్చు.

ఒక తేడా మాత్రం చేసి చూస్తేనే తెలుస్తుంది. అత్త చివరికి మాస్టారికి ఏం చెప్పిందో కథలో నేను రాయలేదు. పెన్ను ఆగడంతో కథ ఆపేశాను, అలా ఆపడం నాకు చెల్లింది. వ్యాసంలో అలా ఆపితే వకీలు కాలరు పట్టుకునేవాడు. అక్కడ రాయాల్సి వచ్చింది. ఆవిడ "రెండూ రాయి బావూ" అంది, గడి ఒకటే ఉంది, మాస్టారు మాతృభాష గడిలో తెలుగు అని, పక్క గడిలో ఒడియా అని రాసుకుని వెళ్లిపోయారు.

చదివి వినిపించడం

రెండు నోట్‌బుక్కులకీ ఇద్దరు వేర్వేరు శ్రోతలు కావాలి. తత్వాన్ని మీకు తెలిసినవాళ్లలో అందరికన్నా మొండిగా వాదించేవాడికి ఇవ్వండి, చదివి చెప్పకండి, కాయితం ఇవ్వండి, ఎందుకంటే గొంతు పెట్టి చదివితే వాదంలోని చిల్లులు గొంతు కప్పేస్తుంది. వాడు "బాగుంది" అంటే నమ్మకండి, ఎక్కడ బాగుందో అడగండి. కథని మాత్రం పైకి చదివి వినిపించండి, అదీ సాహిత్యం అంటే పెద్దగా పట్టనివాళ్లకి. వాళ్లు ఏమన్నారో వదిలేయండి, ఎక్కడ కదిలారో చూడండి. ఫోను చూసుకున్న చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. మెచ్చుకోలు కన్నా ఆ గీతలే పనికొస్తాయి.

ఏది ముందు రాయాలని ఇంకా అడిగితే, ఇంట్లో వాదనకి దిగి అందరి చేతా తిట్లు తినే రకమైతే కథతో మొదలుపెట్టండి, నోరు మూసుకోవడం అలవాటవుతుంది. నలుగురిలో నోరు విప్పకుండా అన్నీ గమనించే రకమైతే తత్వంతో మొదలుపెట్టండి, ఒక పక్షం తీసుకుని నిలబడటం మీకు రావాల్సిన పని. ఎవరికి ఏది ఈజీయో దాన్ని రెండో నెలకి దాచుకోండి.

నా కథని పోయినేడు మా అత్తకి చదివి వినిపించాను. ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు, గట్టిగా చదవాల్సి వచ్చింది, వీధంతా విన్నారు. అయిపోయాక కాసేపు ఊరుకుని, "కుర్చీ నీలంది కాదురా, ఎర్రది" అంది. మార్చలేదు. వ్యాసంలో కుర్చీ ఎలాగూ లేదు.